అంతర్జాతీయ బహుళ క్రీడోత్సవాలు: హైదరాబాదు ఆతిథ్యం, మడకశిర మెట్ట

అనేక దేశాల క్రీడాకారులు ఒకే వ్యవధిలో, ఒకే నగరంలో అనేక క్రీడల్లో తలపడే ఉత్సవాలను బహుళ క్రీడోత్సవాలంటారు. ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడలు ఈ కోవలో పేరున్నవి. వాటి నియమావళి, నిర్వహణ సంఘాల చరిత్ర పాఠకులకు తెలిసినవే గనుక ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. తెలుగు నేల ఆతిథ్యమిచ్చిన పెద్ద అంతర్జాతీయ ఉత్సవాలు రెండు: 2003 నాటి ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2007 నాటి ప్రపంచ సైనిక క్రీడలు. వాటికి ముందు 2002 డిసెంబరులో జరిగిన 32వ జాతీయ క్రీడలు దేశీయమైనవే అయినా, తర్వాతి రెంటికీ వేదికలు చాలావరకు అప్పుడు కట్టినవే కాబట్టి మూడింటినీ కలిపి చూడక తప్పదు. ఇలాంటి ఉత్సవాల ఫలితాన్ని మామూలుగా ఆతిథ్య నగరంలోనే లెక్కగడతారు: ఎన్ని స్టేడియాలు లేచాయి, ఎన్ని రోడ్లు పడ్డాయి, ఎన్ని దేశాల వాళ్లు వచ్చి వెళ్లారు అని. ఆ లెక్క అబద్ధం కాదు, కానీ సగమే. ఉత్సవానికి డబ్బు పెట్టేది రాష్ట్రమంతా అయినప్పుడు, దాని ఫలితాన్ని నగరానికి దూరంగా ఉన్న ఊరి దగ్గర నిలబడి కూడా కొలవాలన్నది ఈ వ్యాసం వాదన. అందుకు ఎంచుకున్న ఊరు మడకశిర.

మడకశిర పాత అనంతపురం జిల్లా నైరుతి కొసన, మూడు వైపులా కర్ణాటక చుట్టుకుని ఉన్న ప్రాంతం. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. వేరుశనగ, మల్బరీ, అమరాపురం వైపు వక్కతోటలు, ఏటికేడు లోతుకు పోయే బోర్లు, పని దొరకనప్పుడు బెంగళూరు బస్సు: ఇక్కడి బతుకు స్థూలంగా ఇది. అనంతపురం పీఠభూమిలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. హైదరాబాదు ఇక్కడికి నాలుగు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. బెంగళూరు అందులో సుమారు మూడో వంతు దూరం. మాట్లాడే భాషలోనూ, సంతకు పోయే దారిలోనూ కన్నడ నాటి పొత్తు ఎక్కువ. రాష్ట్ర రాజధానిలో జరిగిన ఉత్సవం ఇంత దూరానికి ఏం చేర్చిందని అడగడానికి ఇంతకంటే తగిన చోటు పాత ఆంధ్రప్రదేశ్‌లో దొరకదు.

మూడు ఉత్సవాలు

ఆఫ్రో-ఆసియా క్రీడల ఆలోచన 1980ల తొలినాళ్ల నాటిదని చాలా కథనాలు చెబుతాయి. ఎక్కడ, ఎప్పుడు అన్న విషయం పలుమార్లు మారింది. చివరికి 2001లో ఢిల్లీలో జరగవలసినవి, అమెరికాపై సెప్టెంబరు దాడులు, ఆ వెంటనే అఫ్ఘానిస్తాన్ యుద్ధం కారణంగా వాయిదాపడి 2003లో హైదరాబాదుకు వచ్చాయి. ప్రారంభ తేదీ విషయంలో చిన్న తేడా కనిపిస్తుంది. ప్రారంభోత్సవం అక్టోబరు 24న జరిగింది, ముగింపు నవంబరు 1. అయితే ఫుట్‌బాల్ మ్యాచ్‌లు అంతకు ముందే మొదలైనందున అక్టోబరు 22 అని రాసేవారూ ఉన్నారు. అధికారిక ప్రారంభాన్నే ప్రమాణంగా తీసుకోవడం మేలు. 96 దేశాలు, రెండు వేలకు పైగా క్రీడాకారులు, ఎనిమిది క్రీడలు: అథ్లెటిక్స్, బాక్సింగ్, ఫుట్‌బాల్, హాకీ, షూటింగ్, ఈత, టెన్నిస్, వెయిట్‌లిఫ్టింగ్. పతకాల్లో చైనా మొదటి స్థానం, భారత్ 19 స్వర్ణాలతో రెండో స్థానం. పదిహేడేళ్లు నిండని సానియా మీర్జా సొంత ఊళ్లో నాలుగు స్వర్ణాలు గెలిచింది. అదే ఏడాది వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్ తెచ్చుకున్న అమ్మాయికి ఇవి తోడయ్యాయి. హాకీలో పురుషుల ఫైనల్ భారత్, పాకిస్తాన్‌ల మధ్య జరిగి భారత్ గెలిచింది. ఫుట్‌బాల్ ఫైనల్లో భారత్ ఉజ్బెకిస్తాన్ చేతిలో ఒక్క గోలుతో ఓడింది. రెండో ఉత్సవం ఆఫ్రికాలో జరపాలనుకున్నారు, జరగలేదు. మొదటిదే చివరిదైంది. ఈ సంగతి మామూలుగా ఒక వాక్యంలో తేల్చేస్తారు గాని, క్రీడాకారుడి వైపు నుంచి అది చిన్న విషయం కాదు. ఒలింపిక్ పతకానికి వెనుక వందేళ్ల వరస ఉంది, ముందు రాబోయే పోటీ ఉంది. 2003లో హైదరాబాదులో గెలిచిన పతకానికి వెనుకా ముందూ ఏమీ లేవు.

2007 ప్రపంచ సైనిక క్రీడలు అక్టోబరు 14 నుంచి 21 వరకు జరిగాయి. రోమ్, జాగ్రెబ్, కటానియా తర్వాత నాలుగోవి, ఆసియాలో మొదటివి. తెరచాప పడవల పోటీలు ముంబైలో, మిగతావి దాదాపుగా హైదరాబాదులో. దేశాల సంఖ్య 101 అని ఎక్కువ కథనాలు అంటాయి. క్రీడాకారుల సంఖ్య మాత్రం నాలుగున్నర వేల నుంచి ఐదు వేల దాకా ఒక్కో చోట ఒక్కోలా ఉంది. అధికారులను కలుపుకున్నారా లేదా అన్నదే బహుశా ఆ తేడాకు కారణం. ఇందులో పాల్గొన్నవారంతా సైనికోద్యోగులే. మన పీఠభూమికి ఈ ఉత్సవంతో ఉన్న చుట్టరికం అక్కడే ఉంది, కింద చెప్పబోయే కారణం వల్ల.

కట్టినవి ఏమయ్యాయి

2002 నాటికి ఈ ఉత్సవాల కోసం లేచిన కట్టడాల్లో పెద్దవి గచ్చిబౌలిలో ఒకచోట పోగయ్యాయి. అదే ఏడాది మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టిన అథ్లెటిక్స్ స్టేడియం, దాని పక్కన ఇండోర్ స్టేడియం, ఈతకొలనుల సముదాయం, హాకీ మైదానం. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో షూటింగ్ రేంజ్, ఉస్మానియాలో సైక్లింగ్ వెలోడ్రోమ్, యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. విశాఖకు దక్కిన వాటా చాలా తక్కువ. రాయలసీమకు ఒక్క పోటీ కూడా రాలేదు, కాబట్టి ఒక్క వేదికా లేదు.

ఈ కట్టడాల తర్వాతి కథలో మూడు మలుపులు చెప్పుకోదగ్గవి. మొదటిది భూమిది. 2003లోనే నాటి ప్రభుత్వం క్రీడా అకాడమీలు నెలకొల్పే పేరుతో ఐఎంజీ భారత అనే సంస్థతో ఒప్పందం చేసుకుని, రెండు చోట్ల కలిపి 850 ఎకరాలు ఇవ్వడానికి అంగీకరించింది. అందులో 400 ఎకరాలు కంచ గచ్చిబౌలిలోవి. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2006లో దాన్ని రద్దు చేసింది. వ్యాజ్యం 2024లో సుప్రీంకోర్టు దాకా సాగి ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో విద్యార్థుల ఆందోళనతో, చెట్ల నరికివేతపై సుప్రీంకోర్టు జోక్యంతో దేశమంతా విన్న కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాలు ఇవే. ఆటల పేరుతో కేటాయించిన నేల మీద దాదాపు పద్దెనిమిదేళ్ల పాటు న్యాయవాదులు వాదించారు, ఆటగాళ్లు మాత్రం ఆడలేదు. ఒప్పందం మంచిదా చెడ్డదా అన్న దానిపై రాజకీయ వాదనలు నేటికీ ఉన్నాయి. వాటిలో ఎవరి పక్షం వహించినా ఈ ఒక్క ఫలితం మారదు. రెండో మలుపు 2020 ఏప్రిల్‌ది. గచ్చిబౌలి సముదాయంలో క్రీడాకారుల వసతికని కట్టిన బహుళ అంతస్తుల భవనాన్ని కోవిడ్ వేళ టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు. ఆ సమయంలో అది సరైన పనే, ఎవరూ తప్పుపట్టలేరు. కానీ అంత పెద్ద వసతి భవనం కొద్ది రోజుల్లో ఆసుపత్రికి ఖాళీ దొరికిందంటే, అప్పటికి అందులో పిల్లలు ఉండి శిక్షణ తీసుకునే ఏర్పాటు బలంగా లేదని కూడా అర్థం.

మూడోది 2014 జూన్ 2. రాష్ట్రం విడిపోయినప్పుడు ఉద్యోగులను, అప్పులను పంచగలిగారు. స్టేడియాలను పంచలేరు, అవి ఉన్న చోటే ఉంటాయి. 1993లో హకీంపేటలో మొదలైన క్రీడా పాఠశాల తెలంగాణకు మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌కు కడపలోని క్రీడా పాఠశాల మిగిలింది. మడకశిర రైతు కట్టిన పన్ను, కొన్న ప్రతి సరుకు మీద ఇచ్చిన అమ్మకం పన్ను ఏ వేదికల్లో ఇటుకలయ్యాయో అవి ఇప్పుడు పొరుగు రాష్ట్రానివి. ఇది తెలంగాణ తప్పు కాదు, విభజన తప్పు కూడా కాదు. ఆటలకు పెట్టిన పెట్టుబడినంతా ఒకే నగరంలో, ఆ నగరంలోనూ ఒకే మూల కుమ్మరించిన నిర్ణయం తప్పు. విభజన ఆ తప్పును బయటపెట్టిందంతే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం పాతదే: క్రీడోత్సవాల వల్లే గచ్చిబౌలి ఎదిగింది, ఆ ఎదుగుదల వల్ల వచ్చిన ఆదాయం రాష్ట్రమంతా పంచుకుంది గదా అని. వరస చూస్తే ఈ వాదన నిలవదు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ కూడా అదే ఏడాది వచ్చింది. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో తలుపులు తెరిచింది. అంటే ఐటీ నడవ దారి పట్టాక, ఆ దారి వెంట స్టేడియాలు వచ్చాయి. మహా అయితే రోడ్లు, దీపాలు నాలుగైదేళ్లు ముందుగా పడి ఉంటాయి. అది లాభమే గాని, క్రీడా వ్యయం ఖాతాలో రాసుకోదగ్గ లాభం కాదు. బార్సిలోనా 1992 ఒలింపిక్స్‌తో సముద్ర తీరాన్ని బాగుచేసుకుందని తరచు ఉదహరిస్తారు. అక్కడ కూడా నగర ప్రణాళిక ముందు, ఆటలు ఆ ప్రణాళికకు తోడుగా వచ్చాయి. 1976 ఒలింపిక్స్ అప్పు తీర్చడానికి మాంట్రియల్‌కు దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. 1984లో లాస్ ఏంజిలెస్ ఉన్న వేదికలనే వాడుకుని మిగులు చూపించింది. 1960 తర్వాతి ఒలింపిక్స్‌ను పరిశీలించిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులకు ఖర్చు అంచనా లోపల ముగిసిన ఉత్సవం ఒక్కటీ దొరకలేదు. మన దగ్గర 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల ఖర్చుపై అంకెలు ఒకదానికొకటి పొంతన లేనివి, అందువల్ల ఇక్కడ ఇవ్వడం లేదు. తొలి అంచనాకు అనేక రెట్లు దాటిందన్న దానిలో మాత్రం వివాదం లేదు.

పీఠభూమి నుంచి దారి

మడకశిర వైపు పల్లెలో పరుగెత్తే కుర్రాడికి కళ్లముందున్న అసలు పోటీ 1600 మీటర్లు. ఒలింపిక్స్‌లో ఆ దూరం లేదు. సైన్యంలో చేరికకు పెట్టే దేహదారుఢ్య పరీక్షలో ఉంది, రాష్ట్ర పోలీసు కానిస్టేబుల్ ఎంపికలోనూ ఉంది. పోలీసు ఎంపికలో దానికి తోడు 100 మీటర్లు, లాంగ్‌జంప్. తెల్లవారుజామున జూనియర్ కళాశాల మైదానంలోనో, ఊరి బయట తారురోడ్డు అంచునో జట్లుగా పరుగెత్తే పిల్లలు సాధన చేసేది దీనికే. రాళ్లు ఏరేసిన ఎర్రనేల, సున్నంతో గీసిన వంకర గీతలు, వాన పడితే చెరిగిపోయే మలుపులు. 400 మీటర్ల సింథటిక్ ట్రాక్ మీద ఎనిమిది వరసలూ ఒకే కొలతకు ఉంటాయి, మలుపులో అడుగు జారదు, స్టాప్‌వాచ్ చెప్పిన సెకన్లను నమ్మవచ్చు. ఎర్రనేల మీద ఆ నమ్మకం లేదు. జిల్లా పోటీకి వెళ్లేదాకా తన వేగం ఎంతో ఆ పిల్లవాడికే సరిగా తెలియదు. ఈ నేలకు, సైనిక క్రీడలకు ఉన్న చుట్టరికం అన్నది ఇదే. సైన్యంలో చేరిన పల్లె కుర్రాడికి అక్కడ ట్రాక్, కోచ్, సరిపడా తిండి మొదటిసారి ఒక్కచోట దొరుకుతాయి. అంతర్జాతీయ వేదిక అతనికి అందుబాటులోకి వచ్చేది ఆతిథ్య నగరం దారిలో కాదు, ఉద్యోగం దారిలో.

ఈ పీఠభూమి మీద ఏ ఉత్సవంతోనూ సంబంధం లేకుండా ఎదిగిన క్రీడా కేంద్రం ఒకటి ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు, అందరి నోటా ఆర్డీటీ, నీటి కుంటలు, ఇళ్లు, ఆసుపత్రుల తర్వాత ఆటలను కూడా తన పనిలో కలుపుకుంది. అనంతపురం శివార్లలోని క్రీడాగ్రామంలో క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, టెన్నిస్ వంటి ఆటలు నేర్పుతారు. 2010లో రాఫెల్ నాదల్ ఫౌండేషన్ ఇక్కడే టెన్నిస్ పాఠశాల తెరిచింది, నాదల్ స్వయంగా వచ్చాడు. అందులో టెన్నిస్‌తో పాటు ఇంగ్లిషు, కంప్యూటరు చదువు కూడా ఉంటాయి. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లకు ఆర్డీటీ మైదానాన్ని ఎంచుకున్నారు. స్టేడియం కట్టాక దానికి పని వెతికే పద్ధతికి ఇది పూర్తిగా తిరగబడిన వరస. ఇక్కడ ముందు పిల్లలు, తర్వాత మైదానం, ఆ తర్వాతే పెద్ద మ్యాచ్. అయితే ఈ నమూనాకు ఉన్న బలహీనత కూడా చెప్పాలి. డబ్బులో పెద్ద భాగం బయటి దాతలది. 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడినప్పుడు జిల్లాలో ఆందోళనలు జరిగాయి. ఒక జిల్లా పిల్లల ఆటలు ఒక అనుమతి పత్రం మీద వేలాడకూడదు. అలా వేలాడుతున్నాయంటే ప్రభుత్వం ఆ చోటును ఏళ్ల తరబడి ఖాళీగా వదిలిపెట్టిందన్నమాట.

మడకశిరకు దగ్గరి నగరమైన బెంగళూరు కూడా 1997లో జాతీయ క్రీడలు జరిపింది. కంఠీరవ స్టేడియం బాగుపడింది, కోరమంగల ఇండోర్ స్టేడియం వచ్చింది, క్రీడాగ్రామం కోసం కట్టిన ఇళ్లు తర్వాత నివాస సముదాయమయ్యాయి. కానీ కర్ణాటక జట్టులో చేరాలంటే ఆ రాష్ట్రం వాడై ఉండాలి. దగ్గరున్న నగరం పరాయి రాష్ట్రం, సొంత రాష్ట్రం వేదికలు దూరం, 2014 తర్వాత అవీ పరాయివే. సరిహద్దు ఊళ్లకు ఇది రెండంచుల నష్టం.

పతకం దాకా నడిచినవారు

తెలుగువారిలో అంతర్జాతీయ పోటీల్లో నెగ్గినవారి దారులు చూస్తే ఒక పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమె. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు పోయి నిలపలేకపోయింది. స్వర్ణ విజేత మొత్తం 242.5. ఆ రెండున్నర కిలోల తేడా వరకు ఆమెను తీసుకొచ్చినవి ఊళ్లోని చిన్న వ్యాయామశాల, ఆ తర్వాత జాతీయ శిబిరాలు. హైదరాబాదు ఉత్సవాల స్టేడియాలు అప్పటికి పుట్టనే లేదు. బాపట్ల జిల్లా స్టువర్టుపురం యువకుడు రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్వర్ణం తెచ్చాడు. అతన్ని తీర్చిదిద్దింది హకీంపేట క్రీడా పాఠశాల. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు కూలీల బిడ్డ దీప్తి జీవాంజిని కోచ్ నాగపురి రమేశ్ పాఠశాల పోటీల దశలో గుర్తించి హైదరాబాదుకు తెచ్చాడు. ఆమె 2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగం 400 మీటర్ల స్వర్ణం, 2024 కోబెలో 55.07 సెకన్ల ప్రపంచ రికార్డు, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం సాధించింది. పాత చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన హాకీ గోల్‌కీపర్ ఏతిమరపు రజని 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రజతం, 2022 బర్మింగ్‌హామ్‌లో కాంస్యం గెలిచిన జట్లలో ఉంది. రాయలసీమ పేరు అంతర్జాతీయ హాకీలో వినిపించిందంటే ప్రధానంగా ఆమె వల్లే. ఆమె కాలమంతా సవిత మొదటి గోల్‌కీపర్‌గా ఉన్నందున, మైదానం అంచున సిద్ధంగా కూర్చునే రెండో కీపర్‌గా ఎక్కువ ఏళ్లు గడిచాయి. పతకాల పట్టికలో కనపడని ఆ ఓపికను ఇక్కడ నమోదు చేయడం అవసరం.

ఇందరిలో ఉమ్మడిగా ఉన్నది పక్షం రోజుల ఉత్సవం కాదు. రోజూ తెల్లవారి ఐదింటికి లేపే హాస్టలు, పేరు పెట్టి పిలిచే కోచ్, రెండు పూటలా గుడ్డు పాలు, చదువు ఆగకుండా చూసే బడి. ఇవి ఉన్న చోట నుంచి పతకాలు వచ్చాయి, స్టేడియం ఉన్నా లేకున్నా. ప్రభుత్వాలు మాత్రం డబ్బు పెట్టడానికి ఎక్కువగా పతకం వచ్చే వరకు ఆగుతాయి. 2016లో రియో రజతం తర్వాత పి.వి.సింధుకు తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు ప్రకటించాయి. పారిస్ తర్వాత దీప్తికి తెలంగాణ కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2024-29 క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు అని రాసుకున్నారు. ఇవి అర్హులకే దక్కాయి, వాటిని తగ్గించాలని ఎవరూ అనరు. కానీ పదమూడేళ్ల పిల్ల బూట్ల కోసం ఆగిపోయే చోట ఈ కోట్లు పనిచెయ్యవు. గెలిచాక ఇచ్చేది బహుమతి. గెలవకముందు పెట్టేదే పెట్టుబడి.

రెండో అభ్యంతరం మొదటిదానికంటే బరువైనది. పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ గచ్చిబౌలిలోనే ఉంది, సైనా, సింధు, శ్రీకాంత్ అక్కడి నుంచే వచ్చారు, కాబట్టి ఆతిథ్యం వృథా కాలేదు గదా అంటారు. నిజమే, 2003లో ప్రభుత్వం ఇచ్చిన ఐదెకరాల మీద 2008లో ఆ అకాడమీ మొదలైంది. కానీ ఆ స్థలం ఇవ్వడానికి ప్రేరణ 2001 మార్చిలో గోపీచంద్ గెలిచిన ఆల్ ఇంగ్లండ్ టైటిల్. అకాడమీ నిలబడింది ఆయన ఇల్లు తాకట్టు పెట్టి, దాత నిమ్మగడ్డ ప్రసాద్ సాయం తీసుకుని కట్టినందువల్ల. ఉత్సవ వేదికల్లో ఒకటి అకాడమీగా మారిన సందర్భం కాదిది, వేదికల పక్కన ఒక మనిషి పట్టుదల లేపిన సంస్థ. నా దృష్టిలో అది ఈ వాదనకు ఎదురు సాక్ష్యం కాదు, తోడు సాక్ష్యం. అంతకంటే గట్టి ఎదురు సాక్ష్యం భువనేశ్వర్. అక్కడి కళింగ స్టేడియం 2017లో రాంచీ వెనక్కు తగ్గడంతో ఆసియా అథ్లెటిక్స్ పోటీలను తక్కువ వ్యవధిలో జరిపింది, ఆ తర్వాత హాకీ ప్రపంచ కప్‌లు జరిపింది. కానీ ఒడిశా పోటీ ముగిశాక గేటు మూయలేదు. స్టేడియంలోనే హై పెర్ఫార్మెన్స్ కేంద్రాలు నడిపింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గర సాధన చేసింది అక్కడే. ఆతిథ్యం పనికిరాదని కాదు, ఆతిథ్యం తర్వాతి మామూలు రోజుల ఖర్చు ముందే రాసిపెట్టుకోకపోతే పనికిరాదని ఈ ఉదాహరణ చెబుతుంది. బాధ కలిగించే విషయమేమిటంటే, తెలుగు అమ్మాయికి ఆ మామూలు రోజులు దొరికింది ఒడిశాలో.

పెద్ద ఉత్సవం మాత్రమే నేర్పగలిగేవి ఉన్నాయని కూడా ఒప్పుకోవాలి. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హర్డిల్స్ ఫైనల్ మొదలయ్యేటప్పుడు పక్క వరసలోని చైనా అమ్మాయి వూ యన్ని తుపాకీ పేలకముందే కదిలింది, ఆ కదలికకు జ్యోతి కూడా ముందుకు వచ్చింది. అధికారులు జ్యోతినీ తప్పించబోయారు. ఆమె ట్రాక్ మీదే నిలబడి, తెరమీద దృశ్యం చూపించమని అడిగి, కదలక వాదించింది. చివరకు ఇద్దరినీ ఫిర్యాదు పరిశీలనలో ఉండగానే పరుగెత్తనిచ్చారు. అంత కలవరం తర్వాత 12.91 సెకన్లలో మూడోదిగా వచ్చింది. పరిశీలనలో వూ అనర్హురాలు కాగా జ్యోతికి రజతం దక్కింది. ఆతిథ్య దేశపు స్టేడియంలో, ఆతిథ్య దేశపు అభిమానుల గుంపు ముందు, తన హక్కు తనకు తెలిసి నిలబడటం ఏ శిక్షణ శిబిరంలోనూ రాదు. అనంతపురం మైదానంలో ఆడే పిల్లలకు ఈ అనుభవం దక్కాలంటే ఏదో ఒక నగరం ఆతిథ్యం ఇస్తూ ఉండాల్సిందే. అందుకే ఇది ఆతిథ్యాన్ని వ్యతిరేకించే వ్యాసం కాదు.

ఆతిథ్య నగరపు జేబుకు, దూరపు ఊరి క్రీడాకారుడి ఏడాదికి ఉన్న ముడి ఇటీవల కామన్వెల్త్ క్రీడల్లో మరింత బిగిసింది. 2022 ఉత్సవాన్ని డర్బన్ నిలుపుకోలేకపోతే బర్మింగ్‌హామ్ తీసుకుంది. 2026 ఉత్సవం నుంచి ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రం 2023 జూలైలో ఖర్చు సాకుతో తప్పుకుంటే, గ్లాస్గో పది క్రీడలతో చిన్న ఉత్సవం జరపడానికి ముందుకొచ్చింది. కోసేసిన క్రీడల్లో బ్యాడ్మింటన్, హాకీ, కుస్తీ, టేబుల్ టెన్నిస్, క్రికెట్ ఉన్నాయి. బర్మింగ్‌హామ్‌లో సింధు సింగిల్స్‌లో, అమలాపురం సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్‌లో గెలిచిన స్వర్ణాలను గ్లాస్గోలో నిలబెట్టుకునే అవకాశం ఎవరికీ లేదు. రజని జట్టు కాంస్యానిదీ అదే గతి. మరుసటి ఉత్సవం 2030లో అహ్మదాబాదుకు ఖాయమైంది. ఆ పట్టికలోకి ఈ క్రీడలన్నీ తిరిగి వచ్చినా నడుమ ఎనిమిదేళ్లు పోతాయి. పందొమ్మిదేళ్ల వయసులో బర్మింగ్‌హామ్ జట్టుకు ఒక్క అడుగు దూరంలో ఆగిపోయిన హాకీ అమ్మాయికి అహ్మదాబాదు నాటికి ఇరవై ఏడేళ్లు నిండుతాయి.